మీ గ్లాసు బరువెంత?

హైదరాబాద్ బహదూర్‌పురాలో మా పక్కింటి ఖాలా బగారా ఖానా దించిందంటే, షాజీరా, పుదీనా కలిసిన ఆవిరి మా మేడ మీదికి వచ్చి చెబుతుంది. బియ్యం, నీళ్లు పోసే గ్లాసు తప్ప ఆమె చేతిలో కొలత గిన్నె నేనెప్పుడూ చూడలేదు. ఉప్పెంత, మసాలా ఎంత అని అడిగితే ఒకటే జవాబు: "అందాజ్ సే, బేటీ." ఆ మాట మనకూ పరాయిది కాదు. అందాజుగా వేయి, అందాజు చూసి పోయి అని మన ఇళ్లల్లోనూ అంటాం. నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడిన చేతికి అందాజు అంటే లెక్కే. ఆ లెక్క చేతిలో ఉంటుంది తప్ప కాగితం మీద ఉండదు, అంతే.

ఒక శీతాకాలం ఖాలా నిజామాబాద్‌లో కూతురి పురుటికి వెళ్లింది. అదే వారంలో ఆమె కోడలికి మొదటి ఆర్డరు వచ్చింది. మెహందీ వేడుకకు 50 మందికి బగారా ఖానా, దాల్చా. కోడలు ఫోన్ చేసి అడిగితే ఖాలా తన వాడుక కొలతే చెప్పింది: గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు. కోడలు 6 కిలోల బాస్మతి తూయించి తెచ్చింది. ఒకటికి ఒకటిన్నర కదా అని 6 కిలోలకు 9 లీటర్ల నీళ్లు పోసింది. గంట తర్వాత పళ్లెంలో గుప్పెడు అన్నం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ప్రతి మెతుకూ నడుమ పలుకే.

"ఆంటీ, అమ్మీ చెప్పినట్టే పోశాను. ఎక్కడ తప్పింది?"

"మీ అమ్మీ గ్లాసు తీసుకురా, జోకి చూద్దాం" అన్నాను.

మా వంటింటి కాంటా మీద ఖాలా గ్లాసు పెట్టి సున్నా చేసి, బియ్యం అంచుదాకా పోసి సమం చేశాం. 200 గ్రాములు. బియ్యం తీసేసి అదే అంచుదాకా నీళ్లు పోశాం. 250 గ్రాములు, అంటే 250 మిల్లీలీటర్లు. లెక్క అక్కడే బయటపడింది. 6 కిలోల బియ్యం ఖాలా గ్లాసుతో 30 గ్లాసులు. వాటికి 45 గ్లాసుల నీళ్లు కావాలి. అంటే 11 లీటర్ల పావు. కోడలు పోసింది 9 లీటర్లే. రెండు లీటర్ల పావు తక్కువ. పెద్ద డేగ్‌లో మూత బిగించి వండితే ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి కొంత తగ్గించి పోసినా సరిపోయేది. కానీ ఇంత తేడాను ఏ మూతా కాపాడలేదు. మరిగిన నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి, మళ్లీ దమ్ పెట్టి ఆ రోజుకు గట్టెక్కాం.

అత్త మాట తప్పు కాదు. కోడలి శ్రద్ధలోనూ లోటు లేదు. గ్లాసులో చెప్పిన మాటను కిలోల్లోకి మార్చే దారిలో ఒక మెట్టు లేదు. ఈ అధ్యాయం ఆ మెట్టు కోసం.

కిలో వేరు, లీటరు వేరు

కిలో బరువును చెబుతుంది. లీటరు ఎంత చోటు పడుతుందో చెబుతుంది. వంటింట్లో ఈ రెండూ ఒకటయ్యేది నీళ్ల దగ్గరే. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. పాలు, పెరుగు దాదాపు అంతే, పిసరంత ఎక్కువ. ఆ అలవాటుతో మిగతా సరుకులన్నింటినీ అలాగే అనుకుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నూనె నీటి మీద తేలుతుంది, అంటే అదే చోటులో తక్కువ తూగుతుంది. నూనె ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చూడండి. 1 లీటరు అని, దాని పక్కనే దాదాపు 910 గ్రాములు అని రెండూ అచ్చువేసి ఉంటాయి. కాబట్టి కూరకు పావుకిలో నూనె అని చెబితే పావు లీటరు పోయకూడదు, దాదాపు 275 మిల్లీలీటర్లు పోయాలి. తేనె దీనికి తలకిందులు. లీటరు తేనె కిలోన్నరకు కాస్త తక్కువ తూగుతుంది.

గింజలు, పిండ్ల సంగతి ఇంకొకటి. వాటి మధ్య గాలి ఉంటుంది. గ్లాసు నిండా బియ్యం పోశామంటే గింజల సందుల నిండా గాలి కూడా పోసినట్టే. పిండిలో ఈ గాలి వంతు ఇంకా ఎక్కువ, అదీ నిలకడగా ఉండదు. జల్లించిన మైదాను చెంచాతో మెల్లగా గ్లాసులో వేస్తే ఒక బరువు. అదే గ్లాసును మైదా డబ్బాలో ముంచి తీస్తే ఇంకో బరువు. గ్లాసును బండ మీద నాలుగుసార్లు తట్టి నింపితే మరో బరువు. చేతి తీరు మారితే అదే గ్లాసులో నాలుగో వంతు పిండి ఎక్కువ పట్టవచ్చు. ఒకరోజు దూదిలా వచ్చిన కేకు మరో రోజు ఇటుకలా రావడానికి చాలాసార్లు ఇదే కారణం. 1896లో అమెరికాలో ఫానీ ఫార్మర్ తన వంటల పుస్తకంలో, కప్పునూ చెంచానూ అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టింది ఈ తేడాను కట్టడి చేయడానికే.

నా ఆవకాయ నేర్పిన పాఠం

ఈ పాఠం నేను ఉచితంగా నేర్చుకోలేదు. పెళ్లైన రెండో ఏడు ఒక జాడీ ఆవకాయ పారబోసి నేర్చుకున్నాను.

మా అమ్మ చెప్పిన కొలత సులువైనది. ఆరు తవ్వల ముక్కలకు తవ్వ కారం, తవ్వ ఆవపిండి, తవ్వ ఉప్పు. అమ్మ ఇచ్చిన ఇత్తడి తవ్వతోనే ముక్కలు కొలిచాను. పావుకిలో కారం ప్యాకెట్ విప్పి పోస్తే తవ్వ సరిగ్గా నిండింది. సంతోషం వేసింది. తవ్వ అంటే పావుకిలో అన్నమాట అనుకుని, ఉప్పు కొలవకుండా పావుకిలో తూచి కలిపేశాను. వానలు పట్టేసరికి జాడీ పైన తెల్లగా బూజు.

కారం తేలిక, ఉప్పు బరువు. ఒక చెంచా కారం రెండున్నర గ్రాములుంటే, అదే చెంచా మెత్తని ఉప్పు 6 గ్రాములుంటుంది. అమ్మ సమానం అన్నది చోటులో సమానం. నేను దాన్ని తూకంలో సమానం చేశాను. ఊరగాయను కాచే ఉప్పు సగానికన్నా తక్కువకు పడిపోయింది. తప్పు తిరగబడినా నష్టమే. తూకంలో చెప్పిన ఉప్పును కారం లెక్కన గ్లాసుతో పోస్తే ఆ ఆవకాయను నోట పెట్టలేం. ఉప్పులోనూ ఒకే కొలత లేదు. కల్లుప్పు రాళ్ల మధ్య సందులు ఎక్కువ కాబట్టి, చెంచా కల్లుప్పు చెంచా మెత్తని ఉప్పంత తూగదు. ఏ ఉప్పో చెప్పకుండా చెంచాల లెక్క చెబితే అది సగం మాటే.

అందుకే ఎవరైనా వంట చెబుతూ సమానం అనగానే ఒక్క ప్రశ్న వేయండి: తూకంలోనా, కొలతలోనా?

రెండు కొలతల లోకంలో పెరిగాం

ఈ గందరగోళం మన ఒక్క తరానిది కాదు. మన ఇళ్లల్లో ధాన్యాన్ని పాత్రలతో కొలిచేవారు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంగడిలో మాత్రం తులం, సేరు, వీశ, మణుగుతో తూచేవారు. ఇంట్లో చోటు, బజారులో బరువు. పైగా సోల ఒక ఊళ్లో ఉన్నంత మరో ఊళ్లో ఉండేది కాదు.

తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలో బజారులోకి దిగింది. 1962 నాటికి దేశమంతటా అదే చెల్లుబాటైంది. అయినా పాతబస్తీ అంగళ్లలో ఇవాళ్టికీ పావ్ అంటే 250 గ్రాములు, ఆద్ పావ్ అంటే 125 గ్రాములు. పేరు పాతదే, లోపలి బరువు కొత్తది. మీ నానమ్మ చేతిరాతలో సేరు పంచదార అని ఉంటే దాన్ని కిలోగా చదవకండి. 80 తులాల సేరు దాదాపు 933 గ్రాములు. తులం 11.66 గ్రాములు.

కాబట్టి పాత కొలతకు ఎవరో వేసిన పట్టిక వెతుక్కోవడం కన్నా, అటక మీది ఇత్తడి సోలను దించి నీళ్లు పోసి తూచుకోవడం మేలు. మీ ఇంటి సోల ఎంతో చెప్పగలిగింది మీ ఇంటి సోలే.

మీ గ్లాసుకు అంకె కట్టే పద్ధతి

ఒక డిజిటల్ కాంటా కావాలి. బహదూర్‌పురా చౌరస్తా నుంచి పురానాపూల్ దాటితే బేగంబజార్ ఎంతో దూరం లేదు, అక్కడి గిన్నెల అంగళ్లలో అడగండి. 5 కిలోల వరకు తూచేది, గ్రాము తేడా చూపేది ఇంటికి చాలు. ఆ తర్వాత ఇలా చేయండి.

1. వంటింట్లో ఒక గ్లాసును ఎంచుకోండి. స్టీలు గ్లాసైతే మేలు, పగలదు. దాని అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఇక కొలత అంటే ఆ గ్లాసే.

2. ఖాళీ గ్లాసును కాంటా మీద పెట్టి సున్నా చేసే మీట నొక్కండి. అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపితే మీ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు.

3. గ్లాసును బాగా తుడిచి ఆరనివ్వండి. తర్వాత బియ్యం, పప్పులు, రవ్వ, పిండ్లు, పంచదార, ఉప్పు ఒక్కొక్కటిగా పోయండి. గింజలైతే పోసి, చాకు వీపుతో అంచుకు సమంగా గీయండి. పిండైతే కదిపి, చెంచాతో వేసి, నొక్కకుండా, తట్టకుండా గీయండి. రోజూ ఎలా కొలుస్తారో ఇప్పుడూ అలాగే కొలవండి.

4. ఒక్కో సరుకునూ మూడుసార్లు తూచి నడిమి అంకె రాసుకోండి. మూడు అంకెల మధ్య తేడా ఎక్కువుంటే మీ చేయి ఇంకా నిలకడ పడలేదని అర్థం. మళ్లీ తూచండి.

5. ఆ అంకెలను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపు లోపలి వైపు అంటించండి.

ఇక లెక్క రెండు వాక్యాల్లో ముగుస్తుంది. గ్లాసులు తెలిస్తే, గ్లాసు బరువుతో గుణించండి, గ్రాములు వస్తాయి. గ్రాములు తెలిస్తే, గ్లాసు బరువుతో భాగించండి, గ్లాసులు వస్తాయి. ఇంతకు మించిన గణితం వంటకు అక్కర్లేదు.

మీ అంకెలు సరైన దారిలో ఉన్నాయో లేదో చూసుకోవడానికి 200 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు బరువులు ఇవి:

- నీళ్లు: 200 గ్రాములు
- పాలు: 206
- నూనె, కరిగిన నెయ్యి: 182 నుంచి 184
- తేనె: 280
- పంచదార: 165 నుంచి 170
- బాస్మతి బియ్యం: 155 నుంచి 160
- కందిపప్పు: 165
- బొంబాయి రవ్వ: 140
- మైదా, గోధుమపిండి, మెల్లగా వేసినవి: 105
- శనగపిండి: జల్లిస్తే 80, మామూలుగా 100
- మెత్తని ఉప్పు: 240
- కారం: 100

మీ అంకె వీటికి పది, పదిహేను గ్రాములు అటూ ఇటూ ఉంటే కంగారు పడకండి. కొత్త బియ్యం వేరు, పాత బియ్యం వేరు. వానాకాలం పిండి తేమ పీలుస్తుంది. మీ వంటకు మీ అంకెనే నమ్మండి.

ఏ దేశపు కప్పు?

పిల్లలు డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న ఇళ్లకు ఈ చిక్కు ఫోన్‌లో వస్తుంది. అమ్మా, కప్పు రవ్వకు ఎన్ని కప్పుల నీళ్లు అని అడిగితే ఫరవాలేదు. రెండూ ఒకే కప్పుతో కొలిస్తే చాలు, ఏ దేశమైనా ఉప్మా ఉప్మాలాగే వస్తుంది. కప్పు రవ్వకు ఎన్ని గ్రాముల నెయ్యి అని అడిగినప్పుడే ఏ కప్పో తేల్చుకోవాలి. అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాది 250. జపాన్‌ది 200. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలామటుకు 180, అది జపాన్ బియ్యం కొలత నుంచి వచ్చింది. ఆ కప్పుతో కేకు పిండి కొలిస్తే నాలుగో వంతు తగ్గుతుంది.

చెంచాల్లోనూ తేడా ఉంది. టీ చెంచా 5 మిల్లీలీటర్లు, అది చాలాచోట్ల అంతే. పెద్ద చెంచా మన దగ్గర, అమెరికాలో 15. ఆస్ట్రేలియాలో మాత్రం 20. ఔన్సు అని కనిపిస్తే జాగ్రత్త. బరువు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవాల ఔన్సు అమెరికాలో దాదాపు 29.6 మిల్లీలీటర్లు. పేరు ఒకటే, పని వేరు. అమెరికా వంటల్లో వెన్న ఒక స్టిక్ అంటే 113 గ్రాములు.

ఎక్కడ తూచాలి, ఎక్కడ చేతిని నమ్మాలి

రోజువారీ పప్పుకూ చారుకూ కాంటా తీయమని నేను చెప్పను. ఆ వంట మధ్యలో రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. కానీ మధ్యలో సరిదిద్దలేని వంటలున్నాయి. ఓవెన్‌లోకి వెళ్లిన కేకు, ఉస్మానియా తరహా బిస్కెట్లు, జాడీకి ఎక్కిన ఊరగాయ, దమ్ పెట్టిన బిర్యానీ. మూత పడ్డాక చేయి లోపలికి పోని వంటకు ముందే తూచాలి.

ఇంట్లో చేసే పని పదింతలైనప్పుడు కూడా తూచాలి. నలుగురికి చేసేటప్పుడు చిటికెడు తేడా ఎవరికీ తెలియదు. 50 మందికి చేసేటప్పుడు ఆ తేడా గిన్నెడు అవుతుంది. ఒక్క మసాలా, కారం విషయంలో మాత్రం తూకం ప్రకారం పెంచినా ముప్పావు వంతు ముందు వేసి, రుచి చూసి మిగతాది కలపడం మంచిది. సోడా ఉప్పును రుచి చూసి సరిదిద్దలేం కాబట్టి దాన్ని చిన్న మోతాదులో ముందే చేసి చూసుకోండి. రెండు మూడు గ్రాముల సరుకును పెద్ద కాంటా సరిగ్గా పట్టలేదు. వాటికి కొలత చెంచానే మేలు.

అమ్మకానికి వండేవారికి ఇంకో కారణం ఉంది. బజారు మీకు బియ్యం కిలోల్లో అమ్ముతుంది. మీరు గ్లాసుల్లో వండుతారు. గ్లాసు బరువు తెలియకపోతే పళ్లెం ఖర్చు తెలియదు. పళ్లెం ఖర్చు తెలియకపోతే ధర చెప్పేటప్పుడు గొంతు తడబడుతుంది. ఖాలా కోడలు ఇప్పుడు ఆర్డరు ఒప్పుకునే ముందు చిన్న పుస్తకం తెరుస్తుంది. ఎంతమంది, తలా ఎన్ని గ్రాముల బియ్యం, ఎన్ని లీటర్ల నీళ్లు, ఎంత నూనె. బేరం ఆడేవారి ముందు ఆమె గొంతు ఇప్పుడు వణకదు.

గుప్పెడును తూచడం

చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు. ఇవి మన భాషలోని కొలత పాత్రలు. వీటికి గ్రాములు కట్టలేమని చాలామంది అనుకుంటారు. కట్టవచ్చు, అదీ వండేవారి చేతిని ఆపకుండానే.

ఉప్పు డబ్బాను మూత తీసి కాంటా మీద పెట్టండి. సున్నా చేయండి. మీ అమ్మనో అత్తగారినో ఎప్పటిలాగే చేయి పెట్టి తీసి వంటలో వేయమనండి. కాంటా మీద ముందు చిన్న గీతతో ఒక అంకె కనిపిస్తుంది. డబ్బాలోంచి తగ్గిన బరువది. ఆమె గుప్పెడు అంతే. ఆమెను కొలత పెట్టి వండమంటే చేయి తడబడి వంట మారిపోతుంది. ఇలా చేస్తే ఆమె తన అందాజుతోనే వండుతుంది, మీరు పక్కన నిలబడి రాసుకుంటారు.

ఖాలా నిజామాబాద్ నుంచి తిరిగొచ్చాక కోడలు చేసింది ఇదే. నాలుగు శుక్రవారాలు అత్త వండుతుంటే డబ్బాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాంటా మీద పెట్టింది. ఖాలా మొదట నవ్వింది. నాలుగో వారం తనే అడిగింది: "ఇవాళ ఉప్పు ఎంత పడింది, చెప్పు?" పోయిన వారం పడినంతే పడింది, తేడా 2 గ్రాములే. తన చేయి ఎంత నమ్మకమైనదో ఆమెకే మొదటిసారి తెలిసింది. కాంటా ఆ చేతిని తక్కువ చేయలేదు. దానికి సాక్ష్యం చెప్పింది.

ఈ వారం మీ సాధన

మొదటి రోజు గ్లాసును ఎంచుకుని నీళ్లతో తూచండి. రెండో రోజు బియ్యం, పప్పులు. మూడో రోజు పిండ్లు, రవ్వ. నాలుగో రోజు ఉప్పు, కారం, పంచదార. ఐదో రోజు మీ ఇంట్లో అందరికీ ఇష్టమైన ఒక వంటను పూర్తిగా గ్రాముల్లో రాయండి. ఆరో రోజు ఆ కాగితాన్ని ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, మీరు వంటింట్లోకి వెళ్లకుండా వాళ్లతో వండించండి. తిన్నాక ఎక్కడ తేడా వచ్చిందో అడిగి దిద్దండి. ఏడో రోజు మీ ఇంటి పెద్దావిడ పక్కన కాంటా పట్టుకుని నిలబడండి.

ఏడో రోజు పనిని మాత్రం వాయిదా వేయకండి. మా అమ్మ పులిహోరకు గుప్పెడు చింతపండు నానబెట్టేది. ఆ గుప్పెడు ఎన్ని గ్రాములో నేను తూచలేదు. ఇప్పుడు నా దగ్గర ఆమె ఇత్తడి తవ్వ ఉంది, మంచి కాంటా ఉంది, ఆ గుప్పెడు లేదు. మీ ఇంట్లో ఆ చేయి ఇంకా వండుతూ ఉంటే, ఈరోజే తూచి, తేదీ వేసి రాసి పెట్టుకోండి.